కౌన్సెలర్ ఎవరి మనిషి?

తెలుగులో కౌన్సెలింగ్ అన్న మాటకి మూడు అర్థాలు స్థిరపడిపోయాయి. ఒకటి, ర్యాంకు కార్డు పట్టుకుని ఇంజినీరింగ్ సీటు కోసం వెళ్లేది. పరీక్ష పేరు ఈఏపీసెట్ అయినా జనం నోట్లో అది ఇంకా ఎంసెట్ కౌన్సెలింగే. రెండోది పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేది: రౌడీషీటర్లకి, తాగి బండి నడిపి దొరికినవాళ్లకి, ఇంట్లోంచి వెళ్లిపోయి పెళ్లి చేసుకున్న జంటకి, వాళ్ల వెనకే వచ్చిన రెండు కుటుంబాలకి. "కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అని మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. మూడోది, ఒక గదిలో కూర్చుని ఒక మనిషి తన బాధ చెప్పుకుంటుంటే ఇంకో మనిషి అందుకు తగ్గ శిక్షణతో వినేది. చిక్కేమిటంటే మూడోదానికి వచ్చేవాళ్లలో చాలామంది రెండోదాన్ని మనసులో పెట్టుకుని వస్తారు, లేదా తమవాళ్లని లాక్కొస్తారు. "మేం చెబితే వినట్లేదు మేడమ్, మీరైనా నాలుగు మాటలు గట్టిగా చెప్పండి."

ఇది ఒట్టి మాటల గొడవ అయితే వదిలేయొచ్చు. కానీ ఈ వృత్తిలో నైతికంగా తేల్చుకోవాల్సిన చిక్కులు చాలావాటికి వేరు ఇక్కడే ఉంది. తీసుకొచ్చింది ఒకరు, డబ్బు కట్టింది ఒకరు, ఎదుటి కుర్చీలో కూర్చున్నది ఇంకొకరు. కౌన్సెలర్ ఎవరి తరఫున పనిచేస్తున్నట్టు? రహస్యం ఎంతవరకు, ఎవరికి చెప్పాలి, ఏం రాసిపెట్టుకోవాలి, ఎప్పుడు కాదనాలి అన్నవన్నీ ఈ ప్రశ్నకి ఇచ్చుకున్న జవాబుని బట్టే నడుస్తాయి. దీన్ని మొదటి రోజే తేల్చుకోనివాళ్లు ఆ తర్వాత అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు తేల్చుకోవాల్సి వస్తుంది, అది ఎప్పుడూ సరిగా తేలదు.

ఈ ప్రశ్న ఇప్పుడు మనకి మరీ దగ్గరికి వచ్చింది. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. దర్యాప్తు సరిగా జరగలేదని తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసుని సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయంది. 100 మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలన్నది అందులో ఒకటి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలని కూడా చెప్పింది. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడాన్నే చదువనుకునే మన రెండు రాష్ట్రాల రెసిడెన్షియల్ కాలేజీలకి ఇది ఎంత పెద్ద మాటో అక్కడ చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయితే కౌన్సెలర్‌ని పెట్టుకోవడం ఒక ఎత్తు, ఆ కౌన్సెలర్ ఎవరికి జవాబుదారీ అన్నది ఇంకో ఎత్తు. జీతం ఇచ్చేది మేనేజ్‌మెంట్. ఫీజు కట్టింది నాన్న. మాట చెప్పేది పిల్లాడు. ఇక ప్రిన్సిపాల్ ఒకరోజు పిలిచి, "డల్‌గా ఉన్న పిల్లల లిస్ట్ ఒకటి ఇవ్వండి, మనం జాగ్రత్తగా చూసుకుందాం" అంటారు. వినడానికి తప్పేమీ లేని కోరిక, మంచి ఉద్దేశంతోనే అడిగి ఉండొచ్చు కూడా. కానీ ఆ లిస్ట్ ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) టేబుల్ మీదికి వెళ్తుంది, అక్కడి నుంచి తల్లిదండ్రులకి ఫోన్ వెళ్తుంది, "కొన్నాళ్లు ఇంటికి తీసుకెళ్లండి, రెస్ట్ తీసుకుంటాడు" అంటారు. కాలేజీ వరకు ప్రమాదం గేటు దాటిపోయింది. వారం తిరక్కుండానే హాస్టల్ మొత్తానికి ఒక సంగతి తెలిసిపోతుంది, ఆ రూమ్‌కి వెళ్తే ఇంటికి పంపించేస్తారని. తర్వాత ఆ గదికి వచ్చేది తలనొప్పి మాత్ర అడగడానికి మాత్రమే.

కాబట్టి పేర్లు కాదు, లెక్కలు ఇవ్వాలి. ఈ నెల ఎంతమంది వచ్చారు, నిద్ర పట్టట్లేదన్నవాళ్లు ఎంతమంది, ఏ బ్లాకు నుంచి ర్యాగింగ్ మాట ఎక్కువ వినబడుతోంది, వీక్లీ టెస్ట్ మార్కులు గోడమీద పెట్టిన రోజున ఎంత రద్దీ. నిజానికి మేనేజ్‌మెంట్ మార్చగలిగినవి ఇవే. పేరు బయటికి వెళ్లేది ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, అదీ అవసరమైన ఒకరిద్దరికే. ఈ షరతు ఉద్యోగంలో చేరేముందే కాగితం మీద రాయించుకోవాలి. చేరాక అడిగితే అది ఎదురు చెప్పడం అవుతుంది, చేరకముందు అడిగితే వృత్తి పద్ధతి అవుతుంది.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకుందాం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ కుర్రాడు, 17 ఏళ్లు. మధ్యాహ్నం స్టడీ అవర్ నుంచి పర్మిషన్ స్లిప్ తీసుకుని వచ్చాడు. కూర్చున్నాడు, కాసేపు ఏవేవో మాట్లాడాడు, చివరికి అన్నాడు: "సార్, ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి."

ఒట్టు వేస్తే తర్వాత తప్పాల్సి రావొచ్చు. వేయకపోతే వాడు లేచి వెళ్లిపోవచ్చు. చాలామంది కొత్త కౌన్సెలర్లు ఇక్కడే జారతారు, ముందు చెప్పనీ, తర్వాత చూసుకుందాం అని తలూపేస్తారు. ఆ తలూపడం మొదటి తప్పు, ఎందుకంటే పెద్దవాళ్లు మాటిచ్చి తప్పుతారన్న అనుభవం ఆ కుర్రాడికి ఇంటి దగ్గరే కావాల్సినంత ఉంటుంది. ఇలా చెప్పొచ్చు: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మూడు విషయాల్లో మాత్రం నేను ఒక్కడినే మొయ్యలేను. నీ ప్రాణానికి ప్రమాదం, ఇంకొకరి ప్రాణానికి ప్రమాదం, పిల్లల మీద లైంగిక వేధింపు. అప్పుడు కూడా నీకు తెలియకుండా ఏదీ జరగదు." ఈ మాటలు అసలు ఆ రోజు చెప్పాల్సినవి కావు. సంవత్సరం మొదట్లో, ఎవరికీ ఏ కష్టమూ రాకముందు, క్లాసుకి వెళ్లి పరిచయం చేసుకున్న రోజే చెప్పి ఉండాలి. ముందే ఇవన్నీ చెబితే పిల్లలు భయపడి నోరు విప్పరేమో అన్న అనుమానం ఉంటుంది. కొందరు విప్పకపోవచ్చు. కానీ నమ్మి చెప్పాక మాట బయటికి పొక్కితే మూసుకునేది ఆ ఒక్కడి నోరు కాదు.

సరే, వాడు చెప్పాడు. "బతకాలనిపించట్లేదు సార్."

మన భాషలో చావు మాట చాలా చవక. కరెంటు పోయినా చచ్చామంటాం, ఎండ కాసినా చస్తున్నామంటాం. అందుకే ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, వినగానే వణికిపోయి వెంటనే ఫోన్ తీసేవాళ్లూ ఉన్నారు. రెండూ కౌన్సెలర్ తన టెన్షన్ దించుకోవడానికి చేసే పనులే, కుర్రాడి కోసం చేసేవి కావు. చేయాల్సింది సూటిగా అడగడం. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎన్నాళ్ల నుంచి? ఎలా, ఎప్పుడు అని అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం నిజం కాదని ఈ రంగంలో చాలాకాలం క్రితమే తేలింది. అడిగితే చాలామందికి కాస్త ఊపిరి అందుతుంది, చివరికి ఒకరు ఆ మాటని పేరు పెట్టి పలికారని.

జవాబుని బట్టి దారి మారుతుంది. అప్పుడప్పుడూ వచ్చి పోయే ఆలోచన, ఎలా అన్నది లేదు, చెల్లెలి కోసమైనా ఉండాలనుకుంటున్నాడు అంటే రహస్యాన్ని బయటపెట్టాల్సిన పనిలేదు. రేపు మళ్లీ రమ్మనాలి, మొన్నటికన్నా తరచుగా కలవాలి, మొగ్గు మారుతోందేమో గమనిస్తూ ఉండాలి. పద్ధతీ సమయమూ అనుకుని పెట్టుకున్నాడు అంటే ఇక ఆలోచించడానికేమీ లేదు, చెప్పాల్సిందే. కానీ "చెప్పాలి" అన్నాక కూడా తేల్చుకోవాల్సినవి మిగిలే ఉంటాయి, అసలు పనితనం అక్కడే కనబడుతుంది. ఎవరికి, ఎంత, ఎలా?

"నాన్నకి చెబితే చంపేస్తాడు" అంటాడు. ఇది వాడుక మాట కావొచ్చు, అక్షరాలా నిజమూ కావొచ్చు, అడిగితేగానీ తెలియదు. "మీ ఇంట్లో ఎవరికి చెబితే నీకు కొంచెం నయం?" అమ్మ అనొచ్చు. పిన్ని అనొచ్చు, పిన్ని ద్వారా అమ్మకి అనొచ్చు. మైనర్ కాబట్టి తల్లిదండ్రులకి తెలియాల్సిందే, కానీ ముందు ఎవరికి, ఎవరి నోటి మీదుగా అన్నదాంట్లో వాడికి భాగం ఇవ్వొచ్చు. ఫోన్ వాడి ఎదురుగానే చేయాలి, వీలైతే స్పీకర్‌లో. నువ్వు చెబుతావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా? చెప్పాల్సింది: పిల్లాడు ప్రమాదంలో ఉన్నాడు, ఈ రాత్రి ఒంటరిగా వదలకూడదు, సైకియాట్రిస్టుకి చూపించాలి. చెప్పకూడనిది: పక్క కాలేజీ అమ్మాయి సంగతి, దొంగతనంగా కాల్చిన సిగరెట్లు, నాన్న గురించి ఏడుస్తూ అన్న మాటలు. వార్డెన్‌కి తెలియాల్సింది ఈ రాత్రి పక్కన ఒకరు ఉండాలని మాత్రమే. ప్రిన్సిపాల్‌కి తెలియాల్సింది ప్రమాదం ఉంది, ఇంట్లోవాళ్లకి చెప్పాం, డాక్టర్ దగ్గరికి పంపుతున్నాం అన్నంతవరకే. కథ ఎవరికీ అక్కర్లేదు, ఎంత బతిమాలి అడిగినా సరే.

చట్టం ఇందులో ఎంతవరకు తోడొస్తుంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రహస్యాన్ని హక్కుగా రాసింది, మినహాయింపులూ రాసింది: ఇతరులకి హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టో రివ్యూ బోర్డో ఆదేశించినప్పుడు, అలా ఇంకొన్ని. అదీ అవసరమైనంత మేరకే. అయితే ఆ చట్టం మాట్లాడేది మానసిక అనారోగ్యం ఉన్నవారి గురించి, వారికి చికిత్స చేసే ఆరోగ్య నిపుణుల గురించి. పరీక్షల భయంతో వచ్చిన కుర్రాడు, ఎమ్మే సైకాలజీ చదివిన కాలేజీ కౌన్సెలర్ ఆ గొడుగు కిందికి అంత సాఫీగా రారు. ఇంకో సంగతి చాలామంది కౌన్సెలర్లకే తెలియదు: వకీలుకి చెప్పిన మాటకి సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది, భార్యాభర్తల మధ్య మాటకీ ఉంది, కౌన్సెలర్‌కి చెప్పినదానికి అలాంటిది లేదు. కోర్టు పిలిస్తే వెళ్లాలి, నోట్స్ అడిగితే చూపించాల్సి రావొచ్చు. అందుకే నోట్స్‌లో తీర్పులు, ఊహలు, మూడో మనిషి పేర్లు రాయకపోవడం కూడా క్లయింట్‌ని కాపాడటమే.

తల్లిదండ్రులు ఇంకో భయంతో వస్తారు, ఇది బయటపడితే పోలీస్ కేసవుతుందా అని. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఐపీసీ 309 చాలాకాలం ఉండటంతో వచ్చిన భయం ఇది. 2017 చట్టం 115వ సెక్షన్, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు, ప్రభుత్వోద్యోగిని లొంగదీసుకోవడానికి చేసే ప్రయత్నం మాత్రం నేరంగా మిగిలింది. ఈ రెండు ముక్కలు చెప్పగలిగితే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వెనకాడే ఇంటివాళ్లు కొందరు కదులుతారు.

పోక్సో దగ్గర మాత్రం తూకం వేసే వెసులుబాటు లేదు. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలని 2012 చట్టం 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ పెద్ద తన కింద పనిచేసేవారి విషయంలో దాచిపెడితే ఏడాది దాకా. లెక్చరరో బంధువో వేధించాడని అమ్మాయి చెప్పినప్పుడు, "కాలేజీ పేరు పోతుంది, లోపలే చూసుకుందాం" అన్న మేనేజ్‌మెంట్ మాట విని ఊరుకున్న కౌన్సెలర్ నైతికంగానే కాదు, చట్టం ముందు కూడా దోషి. ఇది తేలికైన భాగం, ఏం చేయాలో స్పష్టంగా ఉంది కాబట్టి.

కష్టమైనది వేరే. 17 ఏళ్ల అమ్మాయి, 18 దాటిన అబ్బాయి, ఇష్టపడ్డారు, దగ్గరయ్యారు. అమ్మాయి వచ్చింది పీరియడ్ రాలేదన్న భయంతో. చట్టం దృష్టిలో 18 లోపు ఇష్టానికి విలువ లేదు, కాబట్టి ఇదీ నేరమే. చెబితే అబ్బాయి జైలుకి, అమ్మాయి ఇంటికి, ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, కులాలు వేరైతే మరీ. చెప్పకపోతే కౌన్సెలర్ మీద కేసు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గర్భస్రావం కేసు ఒకదాంట్లో దీన్ని కొంత సడలించింది: ఇష్టపూర్వక సంబంధం వల్ల గర్భం దాల్చిన మైనరు అబార్షన్ కోసం వస్తే, డాక్టరు పోలీసులకి సమాచారం ఇచ్చేటప్పుడు, ఆ అమ్మాయి, ఆమె గార్డియన్ కోరితే, పేరూ గుర్తింపు వివరాలూ బయటపెట్టక్కర్లేదంది. అది డాక్టర్ల గురించి చెప్పిన మాట. కౌన్సెలర్‌కి మిగిలిన దారి అంతా ముందు జాగ్రత్తలోనే ఉంది: ఇలాంటివి చెబితే నేను చెప్పక తప్పదన్నది ఆ అమ్మాయికి ముందే తెలిసి ఉండటం, ఏం చెప్పాలో ఎప్పుడు చెప్పాలో తనే ఎంచుకునే వీలు ఉండటం, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లే దారి తెలిసి ఉండటం. ఇది సుఖమైన జవాబు కాదు. చట్టానికీ ఆ అమ్మాయి మేలుకీ మధ్య దూరం ఉందన్నది కప్పిపుచ్చితే పోయేదీ కాదు.

రహస్యం ఎప్పుడు దాటాలి అన్న చర్చ వస్తే ప్రపంచంలో ఎక్కడైనా ఒక కేసు చెబుతారు, టరాసాఫ్ కేసు. జరిగింది అమెరికాలో, కానీ అందులో క్లయింట్ మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థే. బర్క్‌లీలో చదువుతున్న ప్రసేన్‌జిత్ పొద్దార్ అనే బెంగాలీ యువకుడు తనని కాదన్న టాటియానా టరాసాఫ్‌ని చంపుతానని 1969లో తన సైకాలజిస్టుకి చెప్పాడు. సైకాలజిస్టు ఊరుకోలేదు, క్యాంపస్ పోలీసులకి రాశాడు. వాళ్లు పట్టుకున్నారు, మాట్లాడారు, బాగానే ఉన్నాడని వదిలేశారు. సైకాలజిస్టు పై అధికారి ఇక ఏమీ చేయొద్దన్నాడు. పొద్దార్ థెరపీకి రావడం మానేశాడు. అక్టోబరులో ఆమెని చంపేశాడు. ఆమెకి గానీ ఆమె ఇంటివాళ్లకి గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో హెచ్చరించే బాధ్యత ఉందంది, 1976లో మళ్లీ విని దాన్ని కాపాడే బాధ్యతగా విస్తరించింది. ఈ కేసుని "రహస్యం దాచినందుకు ప్రాణం పోయింది" అని చెబుతుంటారు, అది సరికాదు. రహస్యం బయటికి వచ్చింది, కాకపోతే రావాల్సిన చోటికి రాలేదు. పోలీసులకి చెప్పడంతో క్లయింట్ చెయ్యి జారాడు, ప్రమాదంలో ఉన్న మనిషికి చెప్పకపోవడంతో ఆమే మిగల్లేదు. చెప్పామా లేదా కన్నా ఎవరికి చెప్పాం, చెప్పాక క్లయింట్‌ని పట్టుకుని ఉన్నామా అన్నది పెద్ద ప్రశ్న.

ఇంత దూరం వెళ్లక్కర్లేకుండా, మన చట్టాల్లోనే ఈ పని చక్కగా చేసిన చోటు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, 9వ సెక్షన్. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీ కేంద్రాల్లో కౌన్సెలర్లు ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న అది: భర్తకి పాజిటివ్, భార్యకి తెలియదు, చెప్పనంటున్నాడు. చట్టం చెప్పొచ్చంది, కానీ ఒక్క గెంతులో కాదు. భాగస్వామికి సోకే ప్రమాదం గట్టిగా ఉందని నమ్మాలి. ముందు అతనికే కౌన్సెలింగ్ ఇచ్చి, నువ్వే చెప్పమనాలి. చెప్పడని ఖాయమయ్యాక, నేను చెప్పబోతున్నాను అని అతనికి తెలియజేయాలి. ఆ తర్వాతే చెప్పాలి, అదీ ఎదురుగా కూర్చుని, ఆమెకి కూడా కౌన్సెలింగ్ ఇచ్చాక. ఫోన్‌లోనో చీటీ మీదో కాదు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క: పాజిటివ్ అయింది భార్యే అయితే, చెబితే ఆమెని కొడతారని, వెళ్లగొడతారని భయపడటానికి కారణం ఉంటే, చెప్పకూడదు. ఒకే నియమం ఇద్దరికీ ఒకేలా పనిచేయదన్న ఎరుక ఇందులో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హెచ్ఐవీ భారం ఎక్కువగా చూసిన రాష్ట్రాలు, ఈ పాఠం మన ఆసుపత్రుల వరండాల్లో మూల్యం చెల్లించి నేర్చుకున్నదే. మిగతా కౌన్సెలర్లు కూడా తమ సొంత చిక్కులకి ఈ వరసని అరువు తెచ్చుకోవచ్చు.

అమెరికన్ సైకాలజిస్టు కారెన్ కిచెనర్ 1984లో ఐదు సూత్రాలు చెప్పింది, ఇప్పటికీ శిక్షణలో అవే బట్టీ పట్టిస్తారు: క్లయింట్ స్వేచ్ఛని గౌరవించడం, హాని చేయకపోవడం, మేలు చేయడం, న్యాయంగా ఉండటం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. పరీక్షలో రాయడానికి బాగుంటాయి. గదిలో మాత్రం రెండు ఎదురెదురు నిలబడ్డప్పుడే వీటి అవసరం వస్తుంది, అప్పుడు లిస్టు ఏమీ తేల్చదు. తేల్చేది ఇంకో మనిషి: పేరు చెప్పకుండా, "ఇలాంటి కేసు ఉంది, నేనిలా అనుకుంటున్నాను, ఏం తప్పిపోయింది?" అని అడగగలిగిన సీనియర్. మన దగ్గర సూపర్‌విజన్ అలవాటు లేకపోవడం చిన్న లోటు కాదు. ఆ తర్వాత ఏం అనుకున్నాం, ఎందుకు అనుకున్నాం, ఏ దారి వద్దనుకున్నాం అని నాలుగు లైన్లు తేదీ వేసి రాసుకోవాలి. నిర్ణయం తర్వాత తప్పని తేలినా, ఆలోచించి తీసుకున్నదే అని నిలబడటానికి.

ఇక సొంత నమ్మకాల సంగతి. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆమెకి "పిల్లల మొహం చూసి సర్దుకుపో అమ్మా" అనే కౌన్సెలర్ తాను ఏ పక్షమూ తీసుకోలేదనే అనుకుంటుంది. తీసుకుంది. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో 14వది ఈ విషయంలో మొహమాటం లేకుండా ఉంది: కౌన్సెలింగ్‌లో ఎదుటిపక్షం తాను కొట్టడానికి కారణాలు చెప్పి సమర్థించుకోవడానికి వీల్లేదు, హింస మళ్లీ జరగదన్న హామీ తీసుకోవడమే దాని ఉద్దేశం. ఇద్దరూ చెరో మెట్టు దిగడం కాదు. అలాగే, మా అబ్బాయికి అబ్బాయిలంటే ఇష్టమట, మార్చేయండి అని వచ్చే తల్లిదండ్రులు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఇలా మార్చే చికిత్సని వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. దానికి ముందు ఏడాది మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇద్దరు అమ్మాయిల కేసు విచారిస్తూ, ఈ విషయం తనకి అర్థం కాలేదని ఒప్పుకుని, తీర్పు రాసేముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. పెద్ద కుర్చీలో ఉన్న మనిషి చేసిన పని అది. చాలామంది కౌన్సెలర్లు తమ కులం, మతం, పెళ్లి గురించిన అభిప్రాయాలని ఏ ఒక్కసారీ అలా కూర్చుని తిరగేసుకోలేదు.

చిన్న ఊళ్ల గొడవ ఇంకోటి. క్లయింట్‌తో వేరే ఏ సంబంధమూ ఉండకూడదని అమెరికన్ పుస్తకం చూసి చెబుతారు. భీమవరంలోనో సిద్దిపేటలోనో అది కుదరదు, క్లయింట్ మరదలు మీ పిల్లల టీచర్ అయి ఉంటుంది. రెండో నెలకి మేడమ్ కాస్తా అక్క అవుతుంది, వేసవిలో బుట్టెడు మామిడిపళ్లు వస్తాయి, మాఘమాసంలో శుభలేఖ వస్తుంది. పళ్లు తిప్పి పంపితే అవమానం. తీసుకుని అందరికీ పంచితే సరిపోతుంది. పెళ్లికి వెళ్తే "ఈమె ఎవరు, ఎలా తెలుసు?" అన్న ప్రశ్నకి జవాబు ఎవరు చెప్పాలో ముందే క్లయింట్‌ని అడగాలి. డబ్బు అప్పు, చీటీలు, పెళ్లి సంబంధాలు, ప్రేమ, ఈ నాలుగింటికీ మాత్రం ఏ ఊళ్లోనూ సడలింపు లేదు.

ఇవన్నీ చేయడానికి అసలు కౌన్సెలర్ అంటే ఎవరు? క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే 1992 చట్టం కింద ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. కౌన్సెలర్ అన్న బోర్డుకి మాత్రం చాలాకాలం ఏదీ అక్కర్లేకపోయింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టుల్ని, కౌన్సెలర్లని జాబితాలో చేర్చింది, కానీ వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లు వీధివీధికీ ఉన్నారు. వాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు. నాకు ఇంతవరకే వచ్చు, ఇక్కడి నుంచి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి అని చెప్పగలిగే చోటు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎంతమంది అన్నదే ప్రశ్న.

కాలేజీ కుర్రాడి కథ తిరగబడిన రూపం ఈమధ్య ఎక్కువ కనబడుతోంది. కొడుకు డాలస్‌లో, తల్లి గుంటూరులో ఒంటరిగా, నాన్న పోయి ఏడాది అయింది. అమ్మ తిండి సరిగా తినట్లేదని కొడుకు ఆన్‌లైన్‌లో కౌన్సెలర్‌ని వెతికి, డబ్బు కట్టి, వీడియో కాల్ కుదిర్చాడు. మొదటి రోజు కౌన్సెలర్ అడగాల్సినవి: ఇప్పుడు ఏ గదిలో ఉన్నారు, పక్కన ఎవరైనా ఉన్నారా, అవసరమైతే పది నిమిషాల్లో మీ ఇంటికి రాగలిగిన మనిషి ఎవరు? కొడుకు దగ్గర నంబరు ఉంది గానీ దాదాపు 9 వేల మైళ్ల దూరంలో ఉన్నాడు, అర్ధరాత్రి తలుపు తట్టగలిగేది పక్కింటి ఆవిడే. మూడో సెషన్ అయ్యాక కొడుకు నుంచి మెసేజ్ వస్తుంది, మర్యాదగానే: "అమ్మ ఏమన్నారండీ? చిన్న రిపోర్ట్ లాంటిది ఏమైనా పంపగలరా?" కాలేజీ నాన్నకి కనీసం గార్డియన్ అన్న హోదా ఉంది. ఈ కొడుక్కి అదీ లేదు, ఉన్నది ప్రేమ, పేమెంట్ రసీదు. తల్లికి 62 ఏళ్లు, ఆవిడ బుర్ర బాగానే పనిచేస్తోంది, కొడుకు బెంగ పెట్టుకుంటాడని అతనికి చెప్పని సంగతులు నాలుగు ఆ గదిలో చెప్పుకుంది. ప్రాణాపాయం ఏమీ లేదు. కాబట్టి ఆ మెసేజ్‌కి జవాబు ఒకటే, మీ అమ్మగారినే అడగండి అని. ఈ ప్రశ్న వచ్చిందన్న సంగతి తర్వాతి సెషన్ మొదట్లోనే ఆవిడకి చెప్పాలి, ఏమైనా పంపమంటారా అని అడగాలి. వద్దంటే వద్దే. తర్వాతి నెల డబ్బు రాకపోయినా.